సామాను మనది, చెయ్యి ఉస్తాద్‌ది: కారు షెడ్డుకు సొంత పార్టులు తీసుకుపోయే పద్ధతి

ముందు మెకానిక్‌కు ఫోన్ చేయండి. పార్టు తర్వాత కొందురు.

ఈ వరుస తప్పినందుకు నేను మూడు రోజులు నల్లగొండ నుంచి నకిరేకల్‌కు బస్సులో తిరిగాను. క్లచ్ సెట్టు ఆన్‌లైన్‌లో మన దగ్గరి కొట్టు ధర కంటే పదమూడు వందలు తక్కువకు కనబడింది. ఫొటో చూశాను, బండి పేరు చూశాను, కొనేశాను. డబ్బా సంకలో పెట్టుకుని పోతే ఉస్తాద్ ఒకసారి దాని దిక్కు చూసి, ఏమీ అనకుండా బండి లోపల పెట్టమన్నాడు. ఇద్దరు పిలగాండ్లు పొద్దంతా కష్టపడి గేర్‌బాక్స్ దించారు. సాయంత్రం నాలుగింటికి కొత్త ప్లేటు షాఫ్టు మీదికి ఎక్కించబోతే ఎక్కలేదు. మధ్యలో పళ్ల లెక్కే వేరు. నా బండి పెట్రోలు. నేను కొన్నది అదే పేరున్న డీజిల్ బండిది.

"అన్నా, నేను తెచ్చిందైతే ఇప్పుడే పిలగాన్ని కొట్టుకు తోలి మార్పిస్తుంటి. మీరు తెచ్చిండ్రు. ఇగ మీరే చూస్కోవాలె" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సెట్టు వాపసు పోవడానికి పది రోజులు పట్టింది. ఈలోపు ఉస్తాదే సూర్యాపేట నుంచి వేరే సెట్టు తెప్పించి బిగించాడు. మిగులుతాయనుకున్న పదమూడు వందలు ఎటు పోయాయో లెక్క కూడా రాసుకోలేదు.

పార్టు ఎవరు తెస్తే దాని మంచిచెడ్డలు వాళ్లవే. షెడ్డుల్లో నడిచే న్యాయం ఇదే, నాకు ఇందులో తప్పేమీ కనబడదు. సామాను మనమే తీసుకుపోవడమూ తప్పు కాదు, నేను ఇప్పటికీ తీసుకుపోతాను. తూకం చూసుకుని తీసుకుపోతాను, అంతే.

ఏది మనం తేవాలి, ఏది ఉస్తాద్‌కే వదలాలి

ఏదైనా పార్టు కొనబుద్ధి అయినప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. ఇది తప్పైతే, లేదా నెలకే పోతే, మళ్లీ విప్పి బిగించడానికి మజూరి ఎంత? ఆ మజూరి మీరు మిగుల్చుకుందామనుకున్న పైసల కంటే తక్కువైతే తెచ్చుకోండి. ఎక్కువైతే ఆ పార్టు మెకానిక్‌నే తెమ్మనండి. నా క్లచ్ సంగతిలో మిగిలేది పదమూడు వందలు, రెండోసారి గేర్‌బాక్స్ దించాలంటే దానికి రెండింతలకు పైనే. కొనకముందు ఈ లెక్క వేసి ఉంటే బండి షెడ్డులో పడుకునేది కాదు.

ఈ తూకంలో పెడితే వైపర్ బ్లేడ్లు, ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు, బల్బులు, హారన్లు, బ్యాటరీ, టైర్లు హాయిగా మీరే తెచ్చుకోవచ్చు. తప్పైనా పోయేది పది నిమిషాల పని. వీటిల్లో కూడా చిన్న చిన్న మెలికలు ఉంటాయి. వైపర్లు చాలా బండ్లకు డ్రైవర్ సైడు ఒక సైజు, క్లీనర్ సైడు ఒక సైజు. బ్యాటరీ అదే కెపాసిటీ అయినా టెర్మినళ్లు ఎడమ కుడి తారుమారుగా ఉండే రకాలున్నాయి. నంబరు చివర ఎల్ అనో ఆర్ అనో ఉండే అక్షరం చూడకపోతే వైరు అందదు, పిలగాడు గుంజి పెడతాడు, అది ఇంకో తంటా. బ్యాటరీకి పాతది వాపసు ఇస్తే ధర తగ్గుతుంది కాబట్టి, కొట్టుకు పోయేటప్పుడు పాతది డిక్కీలో వేసుకునే పొండి. మే నెల ఎండలకు మన దిక్కున బ్యాటరీలు తొందరగానే చేతులెత్తేస్తాయి. అందుకే తయారీ నెల చూడకుండా కొనొద్దు. కొట్టులో ఏడాది కూర్చున్న బ్యాటరీకి డిస్కౌంటు ఇచ్చినా నాకొద్దు.

బల్బుల దగ్గర ఆశ పడొద్దు. హెచ్4 బల్బు మామూలుగా 60/55 వాట్లు. వెలుతురు బాగుంటుందని 100/90 తెచ్చి రిలే (ఎక్కువ కరెంటును విడిగా మోసే స్విచ్చు) లేకుండా పెట్టించుకుంటే హోల్డరు, వైర్లు కాలిపోతాయి. ఎదురుగా వచ్చే ట్రాక్టరు డ్రైవరు తిట్టే తిట్లు అదనం.

ఎయిర్ ఫిల్టరు మాత్రం మీరే ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి. కోతల కాలంలో ఊళ్ల రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు కదా, ఆ పక్క నుంచి రోజూ పోయే బండి ఫిల్టరు విప్పి నేలకు కొట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

బ్రేక్ ప్యాడ్లు, స్పార్క్ ప్లగ్గులు, షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్, లింక్ రాడ్లు మధ్య రకం. పార్టు నంబరు రూఢి చేసుకుని, మెకానిక్ సరే అంటే తేవచ్చు. ప్యాడ్లు, షాకులు ఎప్పుడూ జతగా. ఒక్క చక్రానికే కొత్తవి వేస్తే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒకవైపు గుంజుతుంది.

క్లచ్, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, హెడ్ గాస్కెట్, ఇంజెక్టర్లు, ఏసీ కాయిల్ మాత్రం వదిలేయండి. చాలా బండ్లలో ఏసీ కాయిల్ తీయాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి. కొత్త రకం డీజిల్ బండ్లలో ఇంజెక్టరు మార్చాక దాని కోడు స్కానరుతో బండి కంప్యూటరుకు చెప్పాలి, లేకపోతే బండి దడదడలాడుతుంది. ఇలాంటి చోట పార్టూ పనీ ఒకే మనిషి జిమ్మలో ఉండాలి.

ఫోన్‌లో ఏం మాట్లాడాలి

చాలామందికి తెలియనిది, తెలిసినా పట్టించుకోనిది ఒకటుంది. షెడ్డులో లేబర్ తక్కువ చెప్పేది సామాను మీద నాలుగు పైసలు మిగులుతాయనే. కొట్టువాడు మెకానిక్‌కు ఎమ్మార్పీ మీద తగ్గించి ఇస్తాడు, మన దగ్గర ఆయన ఎమ్మార్పీ తీసుకుంటాడు. ఆ తేడాలోనే షెడ్డు కిరాయి, పిలగాండ్ల చాయ్, అప్పుడప్పుడు మనకు పైసలు తీసుకోకుండా బిగించి ఇచ్చే నట్లు, బోల్టులు అన్నీ ఉన్నాయి. మనం సామాను తెచ్చి, లేబర్ కూడా పాత లెక్కకే చేయమంటే ఆయన కడుపు కొట్టినట్టే. నోటితో అనడు. చేతిలో మాత్రం తేడా వస్తుంది.

అందుకని మాట ముందే తేల్చుకోండి. నేను ఇట్లా అంటాను:

"ఉస్తాద్, ముందు ప్యాడ్లు నేను తెస్త. లేబర్ మీ మామూలు లెక్క మీద రెండు వందలు ఎక్కువే తీస్కోండి. పార్టు తేడా వస్తే నా జిమ్మ, పని తేడా వస్తే మీ జిమ్మ. సరేనా?"

ఇన్నేళ్లలో దీనికి కాదన్నవాళ్లు తక్కువ. సరే అన్నాక మూడు సంగతులు అడగండి. ఆయన చేతికి ఏ కంపెనీది బాగా కుదిరింది? దాంతో పాటు ఇంకేం చిన్న సామాను కావాలి? బండి ఎప్పుడు తేవాలి? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు ఇంటర్నెట్‌లో వంద రివ్యూలు చదివినా దొరకదు. ఏ ప్యాడ్లు మన దుమ్ములో కీచుమంటాయో, ఏ షాకులు ఆరు నెలలకే నూనె కారుతాయో రోజూ విప్పే మనిషికే ఎరుక.

కొందరు ఉస్తాద్‌లు బ్రేకు, స్టీరింగు సామాను బయటిది ముట్టనే ముట్టరు. దాన్ని పొగరు అనుకోవద్దు. రేపు బ్రేకు పడకపోతే ఊరంతా చెప్పుకునేది మీరు కొన్న కంపెనీ పేరు కాదు, బిగించిన షెడ్డు పేరు. కాదంటే బతిమాలొద్దు, ఆయన్నే తెమ్మనండి, లేదా ఇంకో షెడ్డు చూసుకోండి.

రోజు విషయానికొస్తే, దసరాకు ముందు పది రోజులు పోవద్దు. ట్యాక్సీల వాళ్లందరూ పూజకు ముందే బండ్లు నిలబెట్టి పనులు చేయించుకుంటారు, మీ డబ్బా మూల పడి ఉంటుంది. శనివారం సాయంత్రం కూడా వద్దు. ఏదైనా తేడా వస్తే ఆదివారం కొట్లు మూసి ఉంటాయి.

సరిగ్గా మీ బండిదే ఎట్లా కొనాలి

ఇక్కడ తొందరపడొద్దు. కొట్టుకు పోయి "స్విఫ్ట్‌కు బ్రేక్ ప్యాడ్లు" అంటే కొట్టువాడు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏ స్విఫ్ట్?" అని. 2005లో వచ్చింది ఒకటి, 2011లో పూర్తిగా మారింది, 2018లో మళ్లీ మారింది, 2024లో ఇంకోసారి. పేరు ఒకటే, లోపల నాలుగు బండ్లు. అందులో పెట్రోలు, డీజిల్, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) ఉన్నది, లేనిది. ఏబీఎస్ ఉన్న చాలా బండ్లకు వీల్ బేరింగులోనే ఒకవైపు అయస్కాంతపు పట్టీ ఉంటుంది. చూడటానికి, కొలవటానికి మామూలు బేరింగు లాగే ఉంటుంది. అది లేనిది వేసినా, ఉన్నదాన్ని తిరగేసి కొట్టినా ఏబీఎస్ దీపం వెలిగి కూర్చుంటుంది.

కాబట్టి ఆర్సీ తీయండి. రిజిస్ట్రేషన్ తేదీ కాదు, తయారైన నెల, సంవత్సరం చూడండి. డిసెంబర్‌లో తయారై ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ అయిన బండికి పాత ఏడాది సామానే పడుతుంది. తర్వాత ఛాసిస్ నంబరు. పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. ఇంగ్లిషు అక్షరాల్లో ఐ, ఓ, క్యూ అందులో వాడరు, ఒకటి, సున్నాలతో కలగాపులగం కావద్దని. వాట్సాప్‌లో పంపేటప్పుడు గుండ్రంగా ఏది కనబడినా అది సున్నాయే అనుకుని కొట్టండి. కంపెనీ పార్టుల కౌంటరులో ఈ నంబరు చెబితే మీ బండికి సరిపోయే పార్టు నంబరు కంప్యూటరులో తీసి చెబుతారు. ఆ నంబరు రాసుకోండి, కొనడం ఎక్కడైనా కొనండి. బూడ్‌మో లాంటి సైట్లలో పార్టు నంబరు కొట్టి వెతికితే కంపెనీదీ, దానికి బదులుగా వేసే వేరే తయారీదార్లదీ పక్కపక్కనే కనబడతాయి.

నంబరు దొరకని పాత బండైతే పాత పార్టే ఆధారం. మన రోడ్ల మీద ఏపీ 24, ఏపీ 22 నంబర్ల బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పదేళ్లు దాటిన ఈ బండ్లవాళ్లకే సొంతంగా సామాను వెతుక్కునే తిప్పలు ఎక్కువ, షోరూంలో అడిగితే ఆర్డరు పెట్టాలంటారు. పాతది విప్పించి, తుడిచి, దాని మీద చెక్కిన నంబరు కనబడేటట్టు ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫొటో. వీలైతే పార్టునే సంచిలో వేసుకుని కొట్టుకు పొండి. అన్నిటికన్నా అదే ఖాయం.

ఎడమ కుడి దగ్గర చాలామంది బోల్తా పడతారు. ముందు నిలబడి చూసి "ఎడమది" అంటారు. సామాను లెక్కలో సీట్లో కూర్చుని చూడాలి. ఎందుకొచ్చిన గొడవ, షెడ్డు భాషే వాడండి: డ్రైవర్ సైడు, క్లీనర్ సైడు.

ఎక్కడ దొరుకుతుంది

రోజువారీ సామానుకు నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, పాలమూరు, జడ్చర్ల, ఎక్కడి కొట్లైనా చాలు. రెండు వందల తేడా కోసం హైదరాబాద్ పోవద్దు. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్లు, అటు ఇటు తిరిగితే ఆ తేడా పెట్రోల్‌కే సరి. ఊళ్లో కొన్నదానికి ఇంకో సుఖం ఏమిటంటే, పడకపోతే అరగంటలో మార్చుకోవచ్చు. నా లెక్కలో అది రెండు వందల కంటే విలువైనది.

పెద్ద బిల్లు అయ్యేంత సామాను కావాలంటే, లేదా ఇక్కడ దొరక్కపోతే, సికింద్రాబాద్ రాణీగంజ్ ఉంది. లారీల సామాను, పాత సామాను అయితే వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్. నల్లగొండ, సూర్యాపేట వాళ్లకు అది తొవ్వలోనే పడుతుంది, పాలమూరు వాళ్లకు మాత్రం పట్నం దాటి అటు పోవాలి. కోదాడ వాళ్లకు విజయవాడ ఆటోనగరే దగ్గర. గద్వాల, అలంపూర్ దిక్కు వాళ్లు కర్నూలు చూసుకోవచ్చు. తెలిసిన కొట్టు ఉంటే పోనక్కరే లేదు. పార్టు నంబరు వాట్సాప్ చేసి, పైసలు ఫోన్‌లో కొట్టి, ఆర్టీసీ కార్గోలో వేయమనండి. 2020లో ఆర్టీసీ ఆ సేవ మొదలుపెట్టాక ఇది బాగా తేలికైంది, పార్సిల్ బస్టాండుకే వస్తుంది. అద్దాలు, హెడ్‌లైట్లు మాత్రం ఇట్లా తెప్పించుకోవద్దు.

కొట్లో మూడు రకాల మాల్ ఉంటుంది. ఒకటి బండి కంపెనీ డబ్బాలో వచ్చేది: మారుతి జెన్యూన్, హ్యుందాయ్‌కైతే మోబిస్. రెండోది బాష్, వాలియో, లూకాస్ టీవీఎస్, గేబ్రియల్, ఎస్‌కేఎఫ్ లాంటి తయారీదార్లు తమ సొంత పేరుతో అమ్మేది. బండి కంపెనీలు కూడా చాలా సామాను ఇలాంటి వాళ్ల దగ్గరే చేయించుకుంటాయి. కాబట్టి అదే నాణ్యత తక్కువ ధరకు దొరికే చోటు ఇదే, నేను ఎక్కువగా కొనేదీ ఇదే. మూడోది లోకల్ మాల్. ఫ్లోర్ మ్యాట్లు, మడ్ ఫ్లాపుల లాంటివి లోకల్‌వి కొన్నా నష్టం లేదు. బ్రేకు, స్టీరింగు, సస్పెన్షన్‌లో లోకల్ పేరే ఎత్తొద్దు.

నాలుగోది ఉంది, అది దొంగ మాల్: మంచి కంపెనీ పేరు మీద డూప్లికేట్. డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు పేరు, చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. ప్యాకెట్లో అమ్మే సరుకు మీద ఇవి ఉండి తీరాలని చట్టమే ఉంది. స్పెల్లింగు తప్పులు, వెలిసిపోయిన రంగు, తేలిగ్గా ఊడొచ్చే హోలోగ్రాం, ఒకదాని మీద ఒకటి అతికించిన ధర స్టిక్కర్లు కనబడితే అక్కడే పెట్టేసి రండి. క్యూఆర్ కోడ్ ఉంటే కొట్లోనే స్కాన్ చేయండి, కొట్టువాడు మొహం మాడ్చుకున్నా సరే.

ఇంజను ఆయిల్ మీరు తెచ్చుకుంటే రెండు మాటలు. బండి పుస్తకంలో రాసిన గ్రేడే కొనండి. చిక్కగా ఉంటే ఇంజనుకు బలమని ఎవరు చెప్పినా వినొద్దు. పోసేశాక ఖాళీ డబ్బా షెడ్డులో వదలొద్దు, ఇంటికి తెచ్చి చిల్లు పొడిచి పారేయండి. మంచి కంపెనీ ఖాళీ డబ్బాలకు గిరాకీ ఎందుకు ఉంటుందో మీరే ఊహించుకోండి. బ్రేక్ ఆయిల్ అయితే సీలు తీయనిదే తేవాలి, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 నా, డాట్ 4 నా అన్నది బండిలో బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా మూత మీదే రాసి ఉంటుంది.

కూలెంట్ సంగతి నల్లగొండ వాళ్లకు విడిగా చెప్పాలి. కలిపి అమ్మే కూలెంట్ కొనండి. కలుపుకునే రకమైతే డిస్టిల్డ్ వాటర్ కూడా మీరే తీసుకుపొండి. లేకపోతే పిలగాడు పక్కనున్న బోరు పంపు తిప్పుతాడు. ఫ్లోరైడ్ ఉన్న మన బోరు నీళ్లు మన ఎముకలను ఏం చేశాయో జిల్లా అంతా చూసింది. అందులోని ఉప్పులు రేడియేటరు సన్న గొట్టాల్లోనూ పేరుకుంటాయి.

బిల్లు తీసుకోండి, తప్పకుండా. 2025 సెప్టెంబర్ 22 నుంచి అన్ని ఆటో పార్టుల మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటి మీద 28 ఉండేది. పాత స్టాకు మీద పాత ధర ముద్ర ఉంటే తగ్గించమని అడగండి.

మరిచిపోయే చిన్న సామాను

పెద్ద పార్టు తెచ్చి ఇరవై రూపాయల వాషరు మరిచిపోతే బండి ఆగిపోతుంది. పిలగాన్ని కొట్టుకు తోలుతారు, అది ఉండదు, పాతదే మళ్లీ వేస్తారు, వారానికి నూనె చుక్కలు పడతాయి. ఆయిల్ మార్చేటప్పుడు ఆయిల్ ఫిల్టరుతో పాటు డ్రెయిన్ బోల్టు వాషరు. డ్రైవ్ షాఫ్టు విప్పే ఏ పనికైనా గేర్ ఆయిల్, షాఫ్టు ఆయిల్ సీళ్లు. ప్యాడ్లకు క్లిప్పులు. వీల్ బేరింగుకు సర్క్లిప్పు, కొన్ని బండ్లకు కొత్త హబ్ నట్టు. లోయర్ ఆర్మ్, టై రాడ్ ముట్టుకుంటే చివర్లో వీల్ అలైన్‌మెంట్ ఖర్చు ఎట్లాగూ ఉంటుంది, అది ముందే లెక్కలో వేసుకోండి. ఈ జాబితా మీరు ఊహించొద్దు, ఫోన్ చేసినప్పుడే ఉస్తాద్‌తో చెప్పించుకుని రాసుకోండి.

షెడ్డులో ఆ రోజు

పొద్దున తొమ్మిదింటికల్లా పొండి. పార్సిల్‌లో వచ్చిన డబ్బాను ఇంట్లో విప్పేటప్పుడే వీడియో తీసి ఉంటే మంచిది. లేకపోతే షెడ్డులో విప్పేటప్పుడైనా తీయండి.

బండికి ఒక్క బోల్టు విప్పకముందే డబ్బా విప్పి ఉస్తాద్ చేతిలో పెట్టండి. "చూడుండ్రి, ఇది పడతదా?" అని అడగండి. ఆయన తిప్పి చూసి, అవునంటేనే పని మొదలుపెట్టమనండి. అనుమానం ఉంటే చక్రం ఒకటి తీసి పాతదాని పక్కన కొత్తది పెట్టి చూడొచ్చు. నా క్లచ్ రోజు ఇదొక్కటి చేసినా పెట్రోలా డీజిలా అన్నది డబ్బా నంబరు మీదే తేలిపోయేది.

నూనె అంటుకున్న పార్టును, బిగించి విప్పిన పార్టును ఏ కొట్టూ వాపసు తీసుకోదు. సెన్సర్లు, రిలేలు, మోటార్లయితే చాలా కొట్లలో "ఎలక్ట్రికల్ సామాను వాపసు లేదు" అని గోడ మీదే రాసి ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొన్నదానికి వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ లోపే షెడ్డు రోజు పెట్టుకోండి.

పని నడుస్తుంటే పక్కన నిలబడి ప్రతిదానికీ "అదెందుకు, ఇదెందుకు" అనొద్దు. చాయ్ తెప్పించండి, కాస్త దూరంగా కూర్చోండి. బిగించే ఘడియకు మాత్రం దగ్గర ఉండండి. మీ డబ్బాలోదే వేస్తున్నారని కళ్లారా చూసినట్టుంటుంది. పాత పార్టు అడిగి తీసుకోండి. వద్దనుకుంటే కబాడీ కింద పిలగాండ్లకే ఇవ్వండి గానీ, ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ప్యాడు ఒకవైపే అరిగిందా, బుష్ చీలిందా అన్నది చూస్తే అసలు రోగం ఎక్కడుందో ఉస్తాద్ అక్కడే చెబుతాడు.

చిన్న షెడ్డులో జీఎస్టీ బిల్లు ఉండకపోవచ్చు. తెల్ల కాగితం మీదైనా తేదీ, కిలోమీటర్లు, ఏం పని, లేబర్ ఎంత, "సామాను బండి ఓనరుది" అన్న ముక్క రాయించుకోండి. ఇది ఆయన మీద అపనమ్మకంతో కాదు, ఆ చివరి ముక్క ఆయనకే రక్ష. అట్లా చెబితే సంతోషంగా రాస్తాడు.

తర్వాత ఉస్తాద్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు పోయి రండి. ప్యాడ్లు మార్చిన బండికి మొదట పెడల్ రెండు మూడుసార్లు కొట్టి గట్టిపడ్డాకే కదిలించాలి. ఆ పైన రెండు మూడు వందల కిలోమీటర్లు మెత్తగా తొక్కుతూ నడపండి. కొత్త ప్యాడ్లతో ఆ సాయంత్రమే హైవే ఎక్కి వందలో పోవడం మంచిది కాదు.

వారంటీ, ఇన్సూరెన్సు, పాత సామాను

వారంటీలో ఉన్న బండికి టైర్లు, బ్యాటరీ, వైపర్లు తప్ప సొంత సామాను జోలికి పోవద్దు. వైరు కోసి ఏదీ పెట్టించొద్దు. బయట పని చేయిస్తే వారంటీ మొత్తం పోతుందని షోరూంలో బెదిరిస్తే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడి భాగాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేసినందుకు. బయటి మెకానిక్ దగ్గరికి పోయినంత మాత్రాన వారంటీ అంతా రద్దు అనే షరతు పెట్టొద్దని కూడా అందులో చెప్పింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి, అది వేరే కథ. మీరు బయట వేయించిన పార్టు వల్లనే ఏదైనా చెడితే ఆ చెడినదానికి వారంటీ రాదు. అది న్యాయమే.

యాక్సిడెంటు అయి ఇన్సూరెన్సు క్లెయిము చేస్తున్నారా, సర్వేయరు చూడకముందు ఒక్క పార్టు కొనొద్దు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామాను, టైర్లు, బ్యాటరీ మీద 50 శాతం కోత ఉంటుంది, అద్దాల మీద ఉండదు. బంపరు తక్కువకు దొరికిందని ముందే కొంటే ఆ బిల్లు ఒప్పుకోకపోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో డోర్లు, అద్దాలు, సీట్లు, రిమ్ములు కొనొచ్చు. ఎయిర్‌బ్యాగ్, బ్రేకు, స్టీరింగు సామాను పాతది వద్దేవద్దు. బిల్లు లేకుండా కొనొద్దు. దొంగ సొత్తు అని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద అది నేరం. ఇంజను మారిస్తే ఆర్టీఏ ఆఫీసులో ఆర్సీ మీద ఎక్కించాలి.

తేడా కొడితే

ముందు పార్టుదా, పనిదా తేల్చుకోండి. పార్టుదైతే కొట్టుకు, లేదా డబ్బా మీదున్న కంపెనీ నంబరుకు. పనిదైతే షెడ్డుకు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటే ఇంకో మెకానిక్‌తో చూపించి, ఆయన చెప్పింది కాగితం మీద రాయించుకోండి. మాటతో తెగకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఆ పైన నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. కొన్న సరుకు విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు, డబ్బా, ఆ తెల్ల కాగితం అప్పుడు పనికొస్తాయి.

డబ్బా పారేసే ముందు పార్టు నంబరు కనబడేటట్టు ఫొటో తీసి, ఆర్సీ ఫొటో పక్కనే ఫోన్‌లో పెట్టుకోండి. వచ్చేసారి ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే ఆయన అడిగేది ఆ నంబరే.